ఢిల్లీ కనకాంబరానికి గింజలు పట్టవు

నిన్న సాయంత్రం మా డాబా మీద పూసిన కనకాంబరాలతో మూరెడు మాల కట్టాను. మధ్యమధ్యలో మరువం పెట్టాను. ఇక్కడికి రావడానికి రెండేళ్ళు పట్టింది.

మొక్క కొని కుండీలో పెట్టడం పెద్ద పని కాదు. ఎర్రమట్టి, ఇసుక, మాగిన పశువుల ఎరువు కలిపి, పొద్దుటెండ తగిలే చోట పెట్టాను. తొందరగానే పూసింది.

ఒక్క మొక్కతో మాల రాదు కదా. మా అమ్మ వాకిట్లో అయితే తొలకరి చినుకులకి ఎండు కాయలు టప్ టప్‌మని పేలి, చుట్టూ నారు మొలిచేది. చిన్నప్పుడు మేం ఆ కాయల్ని నీళ్ళలో వేసి పేల్చేవాళ్ళం. అందుకే కొనేటప్పుడే నర్సరీలో అడిగాను. "గింజలు పడతాయమ్మా, మీరే నారు పోసుకోవచ్చు" అన్నాడాయన.

నమ్మి, పూలయిపోయిన కంకుల్ని తుంచకుండా ఎనిమిది నెలలు ఉంచాను. దాంతో పూత కూడా తగ్గింది. ఎండిన కంకుల్ని నీళ్ళలో వేస్తే ఒక్కటీ పేలలేదు. విప్పి చూస్తే లోపల ఏమీ లేదు. వాటిని కాగితంలో పొట్లం కట్టి మళ్ళీ నర్సరీకి తీసుకెళ్ళాను. అక్కడున్న నలుగురి ముందు ఆయన, "కొందరి చేతికి కాయ పట్టదమ్మా, అంతే" అన్నాడు.

ఆ మాట నన్ను నిద్రపోనివ్వలేదు. పిల్లలకి కూడా చెప్పుకోలేకపోయాను. నిజంగానే నా చెయ్యి మంచిది కాదేమో అని కొన్నాళ్ళు ఏ మొక్కనీ ముట్టుకోలేదు. తెలియకపోతే తెలియదని చెప్పాలి. అంతేగాని ఒక మనిషి చేతి మీద నెపం వెయ్యడం పాపం. ఆ నర్సరీ గడప మళ్ళీ తొక్కలేదు.

చివరికి రైతుబజార్లో పూలమ్మే ఆవిడ ఫోన్లో ఫొటో చూడగానే చెప్పింది: "ఇది ఢిల్లీ రకం అక్కా. దీనికి గింజుండదు, కొమ్మలే నాటాలి." తర్వాత చదివి తెలుసుకున్నాను. మామూలుగా మొక్కలకి రెండు వరసల క్రోమోజోములుంటే దీనికి మూడు ఉంటాయట. అందుకే గింజ కట్టదు. మొక్క తీరే అది.

కిందటి జూలైలో, కంకి వెయ్యని లేత కొమ్మల చివర్లు నాలుగంగుళాలు కోసి, కింది ఆకులు తీసేసి, తడి ఇసుకలో గుచ్చాను. పైన పల్చటి ప్లాస్టిక్ సంచి కప్పి నీడలో పెట్టాను. పన్నెండింటిలో తొమ్మిది వేళ్ళూనాయి. నా చేతులతోనే.

నీళ్ళు మాత్రం నిలవనివ్వకండి, వేరు కుళ్ళిపోతుంది. మొక్క ఎదగక ఆకులు పసుపెక్కితే పీకి వేళ్ళు చూడండి. బుడిపెలుంటే నులిపురుగు పట్టినట్టే. ఆ మట్టిని ఇంకో కుండీలో వాడకండి. నాకు ఒక మొక్క అలాగే పోయింది.

ఈసారి ఊరెళ్ళినప్పుడు అమ్మ దగ్గర నాటు కనకాంబరం ఎండు కంకులు రెండు తెచ్చుకుంటాను. అవి పేలతాయి.