లేక్ ఫోర్క్‌లో బాస్ వేట

నిన్న ఆఫీసు మిత్రుడి బోటులో లేక్ ఫోర్క్‌కి వెళ్ళాం. డాలస్‌కి తూర్పున దాదాపు 27,000 ఎకరాల రిజర్వాయర్. నీళ్ళు నింపేటప్పుడు చెట్లు చాలావరకు నరకకుండా వదిలేశారు. ఆ మోళ్ళ దగ్గరే బాస్ అనే చేప నక్కి ఉంటుంది. పెద్ద ఇంజన్ ఆపేసి, చిన్న ట్రోలింగ్ మోటారుతో చప్పుడు లేకుండా మధ్యలోకి దూరాలి.

గాలానికి గుచ్చిన రబ్బరు వానపామును మోడు పక్కన వదిలి, అడుగుకి చేరేదాకా ఊరుకోవాలి. ఈ ఊరుకోవడమే అసలు కష్టం. వదులుగా ఉన్న దారం ఉన్నట్టుండి పక్కకి జరిగిందంటే చేప అందుకున్నట్టే.

మధ్యాహ్నం దాటాక నాకూ ఒకటి పడింది. నోరు తెరిస్తే నా పిడికిలి పట్టేలా ఉంది! కింది పెదవి పట్టుకుంటే వేలికి ఇసుక కాగితంలా గరగరలాడింది. కొలిస్తే 19 అంగుళాలు. ఇక్కడ 16 నుంచి 24 అంగుళాల మధ్య బాస్ పడితే వదిలేయాల్సిందే. మంచి రూలే. 1992లో 8 కిలోలు దాటిన టెక్సస్ రికార్డు బాస్ దొరికింది ఈ నీళ్ళలోనే మరి.

వదిలేశానని ఫోన్‌లో చెబితే మా ఆవిడ, "మరి నానబెట్టిన చింతపండు ఏం చేయమంటారు?" అంది.