కాసులు తీసుకుని క్యాష్ ఇవ్వరట

బావగారిని ఇంకెప్పుడూ బంగారం షాపుకు తీసుకెళ్లను. అమ్మమ్మ కాసులపేరు పట్టుకెళితే, అందరి ముందూ అక్కడి సేల్స్ కుర్రాడికి క్లాసు పీకారు. "క్యాష్ అన్న మాట మన కాసులోంచే పుట్టిందయ్యా. కాసులు పుచ్చుకుని క్యాష్ ఇవ్వనంటే ఎలా?" అని. వాడు నవ్వాలో వద్దో తెలియక నా వంక చూశాడు. నేను ఫ్యాన్ వంక చూశాను.

ఇంటికొచ్చాక ఊరుకోబుద్ధి కాలేదు. అన్నాలయ్యాక ఫోను పట్టుకుని కూర్చున్నా, ఆయన తప్పని తేల్చి ఫ్యామిలీ గ్రూపులో పెడదామని. తేలింది కూడా. ఇంగ్లీషు క్యాష్‌కు పుట్టిల్లు పెట్టె. లాటిన్‌లో కాప్సా, ఇటాలియన్‌లో కస్సా, ఫ్రెంచిలో కెయిస్, అన్నీ పెట్టెలే. డబ్బు దాచే పెట్టె పేరు కాస్తా అందులోని డబ్బుకు అంటుకుంది. క్యాషియర్ అంటే ఆ పెట్టె దగ్గర కూర్చునేవాడు.

సగం మెసేజి టైపు చేశాక ఇంకోటి కనబడింది. ఇంగ్లీషులో క్యాష్‌లు రెండున్నాయట. రెండోది చిన్న రాగి నాణెం. అది తమిళ కాసు, పోర్చుగీసు వాళ్ల నోట్లో కైషా అయి, ఇంగ్లీషు వాళ్లకు చేరింది. పోర్చుగీసులో కైషా అంటే పెట్టె కూడానట! మద్రాసులో ఈస్టిండియా కంపెనీ వాళ్ల లెక్క 80 క్యాష్‌లు ఒక ఫణం, 42 ఫణాలు ఒక వరహా. 1818లో రూపాయి వచ్చేదాకా అదే. 1808లో ఇంగ్లండులో రాగి నాణేలు కొట్టి, వాటి మీద క్యాష్ అని అచ్చేసి, మద్రాసుకు ఓడెక్కించారు. ఆ ఓడ 1809 జనవరిలో ఇంగ్లండు తీరం దాటకుండానే ఇసుక దిబ్బల్లో మునిగింది. మన కాసుల కోసం అక్కడ ఈతగాళ్లు సముద్రంలో దిగారంటే బావగారు ఇంకెంత మురిసిపోతారో. ఇంగ్లీషులో కలిసిన మన దేశపు మాటల నిఘంటువు హాబ్సన్-జాబ్సన్‌లో (1886) మన 'డబ్బు' అన్న మాట కూడా ఉంది. 20 క్యాష్‌ల రాగి బిళ్లకు ఆ పేరని, అదే చివరికి మొత్తం సొమ్ముకు పేరైందని.

అంటే బావగారు పర్సులో క్యాష్ విషయంలో తప్పు, మద్రాసు క్యాష్ విషయంలో ఒప్పు. మెసేజి చెరిపేశా. సగం ఒప్పని చెబితే ఆయన మొత్తం ఒప్పని వింటారు.

అసలు మంట ఆయన మీద కాదులెండి. అమ్మమ్మ కాసులపేరును ఆ కుర్రాడు ట్రేలో పోసిన తీరు మీద. పోశాడు, నిజంగా, శనగలు పోసినట్టు. మెషీన్లో పెట్టి క్యారెట్లు తక్కువన్నాడు. టంకం తీసేయాలన్నాడు, లక్క, మట్టి అన్నాడు, తరుగన్నాడు. కొత్తది కొంటే మళ్లీ తరుగు, మజూరీ మనమే ఇవ్వాలి. పోయేటప్పుడూ మన తరుగే, వచ్చేటప్పుడూ మన తరుగే! క్యాష్ ఇవ్వరు, ఎక్స్ఛేంజి మాత్రమేనట. పైగా "ఒక పీస్ మిస్సింగ్ మేడమ్" అన్నాడు.

మిస్సింగేమీ కాదు. పొగాకు కొన్న వ్యాపారి ఎగ్గొట్టిన ఏడాది తాతయ్య ఒక కాసు తీశారు. అమ్మమ్మ అమ్మారని ఎప్పుడూ అనేది కాదు, "బయటికెళ్లింది" అనేది, అదేదో సాయంత్రానికి తిరిగొస్తుందన్నట్టు. ఆ ఖాళీ కొక్కెం ఊడదీయనివ్వలేదు. పేరంటానికి వెళ్లేటప్పుడు అది మెడ వెనక్కి, ముడి కిందికి వచ్చేలా సర్దుకునేది. శ్రావణమాసం ముందు కుంకుడురసంలో నానబెట్టి ఒక్కో కాసూ బొటనవేలితో రుద్దేది. రుద్దీ రుద్దీ లక్ష్మీదేవికి ముక్కు అరిగిపోయింది. మాచేత కాసులు లెక్కపెట్టించేది. ఖాళీ కొక్కెం దగ్గరకు రాగానే మేం ఆగితే, "దాన్నీ కలుపు" అనేది. తాతయ్య వింటూనే పేపరు చదువుకునేవారు.

ఇప్పుడు చల్లగా ఆలోచిస్తే ఆ కుర్రాడు అన్నదాంట్లో తప్పేముంది? టంకానికి బంగారం ధర ఎవరిస్తారు? మా వైపు కాసంటే ఎనిమిది గ్రాములు, ఆ లెక్క ఇంగ్లండు బంగారు నాణెం సావరిన్ బరువుతో వచ్చింది, అది 7.98 గ్రాములు. అమ్మమ్మవి పల్చటి రేకు కాసులు. ఒక్కోటి అందులో సగం కూడా తూగదు. తూకం ముందు సెంటిమెంటు నిలవదు. పెద్దది కూడా అదే అంటోంది, దానికి ఇది పాతకాలపు మోడలట, కరిగించి నెక్లెస్ చేయించమంటోంది.

కానీ ట్రేలో అలా పోయక్కర్లేదు.

నెక్లెస్ కావాలంటే దాని జీతంతో కొనుక్కుంటుంది. ఈయన ఇప్పుడే లేచి, లాకరు తాళం ఎక్కడ పెట్టావని అడిగి పడుకున్నారు. సోమవారం బ్యాంకు తెరవగానే కాసులపేరు మళ్లీ లాకర్లోకే. బావగారికి మాత్రం ఈ రెండు క్యాష్‌ల సంగతి ఎవరూ చెప్పకండి.