ఐదేళ్ల సర్వీసు ప్యాకేజీ లక్షకు కొనాలా? బిల్లులు ముందేసుకుని వేసిన లెక్క

హన్మకొండ సర్వీస్ సెంటర్‌లో, వారంటీ దాటిన కారుకు ఐదేళ్ల సర్వీసు ప్యాకేజీ ఒకేసారి లక్ష అన్నారు. విడిగా చేయించుకుంటే 1,09,892 అవుతుంది, పదివేలు మిగులుతాయని కాగితం మీద వేసి చూపించారు. కూడిక తప్పు కాదు. కాకపోతే ఐదో ఏట కట్టబోయే 26,354నూ ఈ రోజు కట్టే లక్షనూ ఒకే గాట కట్టారు; ఐదేళ్ల తర్వాత కట్టే డబ్బు నేటి విలువలో అంతకంటే తక్కువే.

నేటి విలువ కట్టే సూత్రం కన్నా బిల్లులు సర్దుకోవడమే అసలు పని. నాలుగేళ్ల బిల్లులను రెండు కుప్పలు చేశాను. ఇంజన్ ఆయిల్, ఫిల్టర్లు, బ్రేక్ ప్యాడ్లు, వీల్ అలైన్‌మెంట్, లేబర్ ఒక వైపు. టైర్లు, బ్యాటరీ, క్లచ్ సెట్ ఇంకో వైపు. టైర్లు మార్చిన ఏడాది బిల్లును కలిపేస్తే పెరుగుదల శాతం ఆకాశంలో ఉంటుంది. జీఎస్టీ సంగతి కూడా చూసుకోవాలి. 2025 సెప్టెంబర్ 22 నుంచి విడిభాగాల మీద 18 శాతమే, అంతకుముందు చాలావాటికి 28. అందుకే పాత బిల్లుల్లో పన్ను తీసేసి, అన్నిటికీ 18 వేసుకున్నాను.

మొదటి ఏడాది 12,300, నాలుగో ఏడాది 16,400 తేలింది. నిష్పత్తి 1.333. బిల్లులు నాలుగైనా మధ్యలో ఉన్నవి మూడేళ్లే, కాబట్టి ఘనమూలం తీయాలి: 1.10, అంటే ఏటా 10 శాతం. నాలుగో మూలం తీస్తే 7.5 శాతమే కనిపిస్తుంది. చాలామంది పడేది ఇక్కడే. వచ్చే ఏటి ఖర్చు 18,000 అనుకున్నాను; ఏటా 10 శాతం పెంచుకుంటూ పోతే ఐదో ఏటికి 26,354.

డబ్బు ఎఫ్‌డీలో ఉంటే 7 శాతం వస్తుందనుకుంటే, ఐదో ఏటి 26,354ను 1.07తో ఐదుసార్లు భాగించాలి. 18,790 వస్తుంది. మొదటి ఏటిది 16,822, రెండోది 17,294, మూడోది 17,779, నాలుగోది 18,277. మొత్తం 88,963. సూత్రంతో అయితే 18,000ను (0.07 − 0.10)తో భాగించి, (1 − (1.10/1.07)^5)తో గుణించాలి. రెండూ మైనస్సే, భయపడక్కర్లేదు, జవాబు ప్లస్సే వస్తుంది. వడ్డీ, పెరుగుదల రెండూ సమానమైతే మాత్రం సున్నాతో భాగహారం పడి ఎక్సెల్ ఎర్రర్ ఇస్తుంది. అప్పుడు ఒక ఏటి విలువను, అంటే 18,000/1.10ను, ఐదుతో గుణిస్తే సరి.

ఎక్సెల్‌లో నేటి విలువ లెక్కించే ఎన్‌పీవీ ఫంక్షన్ మొదటి అంకెను ఏడాది చివర ఖర్చుగా తీసుకుంటుంది. ఈ రోజే కట్టే మొత్తాన్ని బ్రాకెట్ బయట కలుపుకోవాలి. సర్వీసులు ఏడాది పొడవునా పడతాయి కనుక నేను వచ్చినదాన్ని 1.07 వర్గమూలంతో, అంటే 1.0344తో గుణించాను: 92,024. లక్ష కడితే ఎనిమిది వేల నష్టం. ఖర్చు ఏటా సుమారు 14.5 శాతం చొప్పున పెరిగితేనే ప్యాకేజీ సరిసమానం అవుతుంది. ఆ లక్షను నూటికి రూపాయి వడ్డీకి తెచ్చి కట్టేవాళ్లకు డిస్కౌంట్ రేటు, అంటే నేటి విలువ కోసం భాగించే శాతం, 7 కాదు, 12; అప్పుడు విడి ఖర్చుల విలువ 82,000 దగ్గరికి పడిపోతుంది.

టైర్లు, బ్యాటరీ, క్లచ్ ప్యాకేజీలో లేవు, కాబట్టి పోలికలోకి రావు, ఎటూ మన జేబులోంచే. మన మే ఎండలకు బ్యాటరీ ఎప్పుడు చేతులెత్తేస్తుందో చెప్పలేం గనుక డబ్బు మాత్రం పక్కన పెట్టుకోవాలి. ఇప్పుడు 20,000 ఉన్న నాలుగు టైర్లు ధర ఏటా 6 శాతం పెరిగితే మూడో ఏట 23,820. దాని నేటి విలువ 19,444. వీటికి 10 శాతం పెరుగుదల వేయకూడదు. అది కారు పాతబడటం వల్ల వచ్చేది, టైరు ధరకు దానితో సంబంధం లేదు.

చివరగా షరతుల కాగితం చదివితే బ్రేక్ ప్యాడ్లు, వీల్ అలైన్‌మెంట్ కూడా ప్యాకేజీలో లేవు. ఏటా 3,000 తీసేసి 15,000తో మళ్లీ వేస్తే 76,687 వచ్చింది.