అడవినాభి: ఎండిపోయిన కుండీని అలాగే వదిలేయండి

వానాకాలంలో ఊరి బయట కంచెల మీద, తుప్పల్లో, ఎరుపూ పసుపూ కలిసిన రేకులు పైకి లేపుకుని ఒక తీగ కనిపిస్తుంది. చూసినవాళ్లు చాలామందే ఉంటారు, పేరు అడిగితే మాత్రం చెప్పలేరు. అదే అడవినాభి. కొన్నిచోట్ల పొత్తిదుంప అంటారు, ఆయుర్వేదం తెలిసినవాళ్లు అగ్నిశిఖ అంటారు. తమిళనాడుకి ఇది రాష్ట్ర పుష్పం, జింబాబ్వేకి ఏకంగా జాతీయ పుష్పం, మన దగ్గరేమో కంచె బాగుచేసేటప్పుడు కొడవలితో కోసి పారేసే పిచ్చి తీగ.

పెంచాలనుకుంటే ముందు విషం సంగతి తెలుసుకోండి. ఆకు, పువ్వు, గింజ, దుంప అన్నీ విషమే, దుంపలోనూ గింజలోనూ మరీ ఎక్కువ. అందులో ఉండేది కాల్చిసిన్. గౌట్ అనే కీళ్ల జబ్బు నొప్పులకి డాక్టర్లు ఇదే మందుని చాలా తక్కువ మోతాదులో ఇస్తారు, దాని కోసమే తమిళనాడులో దిండిగల్, కరూర్ వైపు రైతులు గింజల కోసం ఈ తీగని పొలాల్లో వేస్తారు. కానీ తినే దుంప అనుకుని పొరపాటున తిన్నవాళ్లు ప్రాణాలు పోగొట్టుకున్న కేసులు కూడా ఉన్నాయి. కాబట్టి ఇంట్లో ఏది దొరికితే అది నోట్లో పెట్టుకునే పసిపిల్లలున్నా, మట్టి తవ్వే కుక్క ఉన్నా ఈ మొక్క జోలికి పోకండి. ముట్టుకునేటప్పుడు గ్లవ్స్ వేసుకోవాలి, ఆ పని అయ్యాక చేతులు సబ్బుతో కడుక్కోవాలి.

అడవికి వెళ్లి తవ్వి తెచ్చుకోవద్దు. మందుల కోసం తవ్వి తవ్వి ఇప్పటికే చాలాచోట్ల పలచబడిపోయింది. నర్సరీల్లో దుంపలు దొరుకుతాయి. దుంప రెండు కొమ్ములుగా చీలి ఉంటుంది, మొలక వచ్చేది కొమ్ము చివర ఉన్న ఒక్క కన్ను నుంచే. ఆ కన్ను విరిగిందంటే ఇక ఆ కొమ్ము మీద ఆశ వదులుకోవచ్చు. కొనేటప్పుడు దుంప ఎంత లావుగా ఉందని కాకుండా కన్ను బాగుందా లేదా అని చూసుకోండి.

మే చివర్లోనో తొలకరికో దుంపని అడ్డంగా పడుకోబెట్టి రెండు మూడు అంగుళాల మట్టి కప్పితే చాలు. ఎర్రమట్టిలో కాస్త ఇసుక, బాగా మాగిన పశువుల ఎరువు కలిపితే దీనికి పండగే. నల్లరేగడిలో మాత్రం నీళ్లు నిలిచి దుంప కుళ్లుతుంది.

ఈ తీగకి నులితీగలు విడిగా ఉండవు. ఆకు కొసే సన్నగా సాగి, దేనికైనా తగిలితే దాన్ని చుట్టేసుకుంటుంది. ఆ కొస దారమంత సన్నగా ఉంటుంది కాబట్టి లావు గుంజ పాతితే పట్టుకోలేదు, సన్నటి పుల్లలో, తీగల జాలీనో పెట్టాలి. మొగ్గ తల దించుకుని వేలాడుతుంది, విచ్చుకున్నాక ఆరు రేకులూ వెనక్కి తిరిగి పైకి లేస్తాయి, అంచులన్నీ అలలు అలలుగా. మొదట ఆకుపచ్చ కలిసిన పసుపు, తర్వాత కొసల నుంచి ఎరుపు దిగుతూ వస్తుంది. ఒకే తీగ మీద నిన్నటి పువ్వుదొక రంగు, నాలుగు రోజుల కిందటిది ఇంకో రంగు. నర్సరీలో వందలకి వందలు పోసి కొనే హైబ్రిడ్ లిల్లీల్లో నాకు ఈ అందం కనిపించలేదు, ఎవరేమన్నా సరే.

పురుగు ఒకటే ఇబ్బంది. నల్లటి ఒంటి మీద తెల్ల, ఎర్ర చుక్కలున్న గొంగళిపురుగులు పడితే ఆకులు మిగలవు. మందు కొట్టేదాకా ఎందుకు, పొద్దున్నే చూసి ఏరేస్తే సరిపోతుంది.

అసలు చాలామంది ఈ మొక్కని చంపేసేది కార్తీకం దాటాకే. ఆకులు పండి, తీగ మొత్తం ఎండిపోతుంది. చచ్చిపోయిందనుకుని పీకేసేవాళ్లు కొందరు, ఎండిందని ఇంకా నీళ్లు పోసేవాళ్లు కొందరు. నిజానికి లోపల పాత దుంప కరిగిపోయి దాని బదులు కొత్త దుంపలు తయారై ఉంటాయి. తీగ తనంతట తాను పూర్తిగా ఎండేదాకా కోయొద్దు, ఎందుకంటే ఆ ఆకుల్లో సత్తువంతా దుంపల్లోకి దిగాలి. తర్వాత నీళ్లు పూర్తిగా ఆపేసి, వాన పడని చోట కుండీ పెట్టేసి, వేసవి పోయేదాకా మర్చిపోవాలి.

మా ఇంట్లో ఆ మర్చిపోవడమే కష్టం. ఖాళీ కుండీ కనిపిస్తే చాలు, మా అమ్మ నాలుగు ధనియాలు నలిపి చల్లేస్తుంది. "అమ్మా, దాంట్లో విషపు దుంప ఉందే" అంటే "అలాంటిదాన్ని ఇంట్లోకి ఎందుకు తెచ్చావురా" అని నన్నే తిడుతుంది. ఆవిడ మాటలోనూ న్యాయముంది. అందుకే కుండీ మీద పెయింటుతో పెద్దక్షరాలు రాసి, మేడ మీద ట్యాంకు కింద పెడుతున్నాను.

గింజలతో కూడా పెంచొచ్చు కానీ పువ్వు చూడ్డానికి మూడు నాలుగేళ్లు పడుతుంది. పైగా పుప్పొడిని అందుకునే కాడ, అంటే కీలం, పక్కకి మడిచినట్టు వంగి పుప్పొడి ఉండే కేసరాలకి దూరంగా ఉంటుంది, అందుకని కాయ బాగా కట్టాలంటే మనమే బ్రష్‌తో పుప్పొడి అద్దాలి. కాయ పగిలితే లోపల నారింజ రంగు గింజలు ముద్దొచ్చేలా ఉంటాయి. అవి రాలకముందే కోసి, కవర్లో వేసి, పేరు రాసి, పిల్లలకి అందని చోట పెట్టండి.