ఖాళీ సైటులో ఒక ఆవు కుటుంబం

బెంగళూరు రామమూర్తినగరులో మేముండే అపార్ట్‌మెంటు వెనుక ఇంకా ఇల్లు కట్టని సైటు ఒకటి మిగిలి ఉంది. మదనపల్లె వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన ఒక పాలాయన అందులో నాలుగు పశువులను కట్టేస్తాడు: ఒక ఎర్రావు, దాని రెండేళ్ల పెయ్య, ఈ ఉగాదికి పుట్టిన కోడెదూడ, వీటితో చుట్టరికం లేని ఒక సీమావు. ఉదయం కాఫీ గ్లాసుతో బాల్కనీలో నిలబడి ఏడాదిగా వీటిని చూస్తున్నాను.

నన్ను మొదట ఆకట్టుకున్నది దూడ కాదు, ఆ పెయ్య. ఎండ కాస్త ఎక్కగానే అది తల్లి దగ్గరకు వచ్చి, తల దించి, మెడ చాచి, తల్లి గంగడోలును మూతితో ఒకటి రెండుసార్లు పొడుస్తుంది. తల్లి నెమరు ఆపి, గరుకు నాలుకతో దాని చెవి వెనుక నుంచి మెడ దాకా, వెంట్రుకలు తడిసి ఒక వైపుకు పడుకునేంతగా నాకుతుంది. పశువు తన నాలుకతో తాను అందుకోలేని చోట్లు అవే. నాకించుకుంటున్న పశువుకు గుండె వేగం తగ్గుతుందని పరిశోధకులు కొలిచి చూశారు గానీ, సగం మూసుకున్న ఆ పెయ్య కళ్లను చూసినవారికి యంత్రం అవసరం లేదు.

దూడ పాలు మరిచేదాకానే తల్లి, ఆ తర్వాత ఎవరి గడ్డి వారిదే అని నేను అనుకునేవాణ్ని. కెన్యాలో మోపురమున్న పశువుల మందను ఏళ్ల తరబడి గమనించి రైన్‌హార్ట్ దంపతులు 1981లో ప్రచురించిన వివరాలు వేరుగా ఉన్నాయి. మనిషి జోక్యం లేకపోతే తల్లి పెయ్యదూడను సుమారు 9 నెలలకు, కోడెదూడను సుమారు 11 నెలలకు గానీ పాలు మాన్పించదు. మాన్పించాక కూడా, మరో దూడను ఈనాక కూడా, మేతలోనూ నాకుకోవడంలోనూ పెద్ద బిడ్డలతో ఆ సాన్నిహిత్యం కొనసాగుతుంది.

పాలాయనకు ఈ సంగతులు వేరే దారిలో తెలుసు. "దూడను ఇడవకుండా కూర్చుంటే ఇది ఎగచేపుతుంది సార్, చుక్క రాలదు" అన్నాడొకసారి. దూడ చన్ను నోట పట్టగానే తల్లి మెదడు నుంచి ఆక్సిటోసిన్ అనే హార్మోను రక్తంలోకి విడుదలై, పొదుగులోని సన్నని కండరాలను బిగించి పాలను కిందికి దింపుతుంది. దానినే మనం చేపు అంటాం, పాలు దించకుండా బిగబట్టుకుంటే ఎగచేపు. సీమావుకు మాత్రం తవుడు బకెట్టు చప్పుడు చాలు. వాళ్ల ఊళ్లో దూడ చనిపోతే దాని తోలులో గడ్డి కుక్కి తల్లి ముందు నిలబెట్టేవారని కూడా చెప్పాడు. నాకు ఆ మాట విన్నాక ఆ పూట పాలు తాగబుద్ధి కాలేదు.

దసరా ముందు ఆ పెయ్యను హొసకోటె అవతల ఎవరికో అమ్మేశాడు. రెండు రాత్రులు ఎర్రావు నోరు బాగా తెరిచి అరిచింది. బిడ్డ పక్కనుంటే ఆవు నోరు దాదాపు మూసుకునే, గొంతులోనే సన్నగా మూలుగుతుంది. కనబడకపోతేనే ఇలా ఎత్తైన స్వరంతో పిలుస్తుంది. ఈ రెండు రకాల పిలుపులనూ రికార్డు చేసి విశ్లేషించిన ఇంగ్లండు పరిశోధకులు, ప్రతి తల్లి గొంతుకూ ప్రతి దూడ గొంతుకూ తనదైన ముద్ర ఉంటుందని 2015లో ప్రచురించారు. మా అపార్ట్‌మెంటు వాట్సాప్ గ్రూపులో మాత్రం అది శబ్ద కాలుష్యం కింద చర్చకు వచ్చింది. కోడెదూడ పక్కనే ఉన్నా అరుపు ఆగలేదన్న సంగతిని అక్కడ ఎవరూ ప్రస్తావించలేదు, నేను కూడా.

మూడో రోజు అరుపు లేదు. ఎండెక్కే వేళకు ఎర్రావు సీమావు దగ్గరకు నడిచి, తల దించి, మెడ చాచింది. అది నాలుగైదు సార్లు నాకి, మళ్లీ గడ్డి వైపు తిరిగింది. ఎర్రావు మరికాసేపు మెడ అలాగే చాచి నిలబడింది.