వేరేచోట వద్దన్న కిడ్నీ

ఇప్పుడు నా ఒంట్లో పనిచేస్తున్న కిడ్నీని నాకంటే ముందు మరో ఆస్పత్రి వాళ్లు చూసి వద్దన్నారు. ఈ సంగతి మా నెఫ్రాలజిస్ట్ ఫోన్‌లోనే దాచకుండా చెప్పారు. దాత వయసు అరవై దాటింది. చాలా ఏళ్లుగా బీపీ ఉంది. మెదడులో రక్తస్రావమై బ్రెయిన్ డెడ్ అయ్యారు. కిడ్నీ వడగట్టలేక రక్తంలో మిగిలిపోయే వ్యర్థం, క్రియాటినిన్, 2 దాటింది. "బయల్దేరి రండి. అన్నీ చూశాక కూడా మీరు వద్దనవచ్చు, మీ వరుస ఎక్కడికీ పోదు" అన్నారు.

ఐజీఏ నెఫ్రోపతీ అనే కిడ్నీ జబ్బు వల్ల నా కిడ్నీలు మెల్లమెల్లగా పాడైపోయి డయాలసిస్‌కి వచ్చాను. వారానికి మూడుసార్లు, వెళ్లినప్పుడల్లా నాలుగు గంటలు. అక్క తన కిడ్నీ ఇస్తానని ముందుకొచ్చింది కానీ, పరీక్షల్లో ఆమెకు షుగర్ ఉందని తేలింది. ఇక బ్రెయిన్ డెడ్ అయిన దాత నుంచి వచ్చే కిడ్నీ కోసం ఎదురుచూడటమే మిగిలింది. ఆ ఏళ్ల గురించి ఎక్కువ రాయను. ఆ రాత్రి విన్న విషయాల గురించే రాయాలని ఉంది. ఎందుకంటే, దాత కిడ్నీ మంచిదో కాదో ఎలా తేలుస్తారన్నది పేషెంట్లకు వివరంగా చెప్పేవాళ్లు చాలా తక్కువ.

మా ఆయన అడిగిన మొదటి ప్రశ్న క్రియాటినిన్ గురించే. మనిషికి 1 దగ్గర ఉండాల్సింది 2 దాటితే ఆ కిడ్నీ పాడైనట్టే కదా అన్నారు. డాక్టరు గారు దాత ఆస్పత్రిలో చేరిన రోజు రిపోర్టు తీసి చూపించారు. ఆ రోజు క్రియాటినిన్ 0.9. ఐసీయూలో బీపీ పడిపోయాక, కిడ్నీకి రక్తం సరిగా అందక అది పెరిగింది. అలాంటప్పుడు దెబ్బ తినేది ఎక్కువగా కిడ్నీలోని సన్నని గొట్టాలు. వాటి లోపలి కణాలు మళ్లీ పుడతాయి, కొన్ని వారాల్లో కోలుకుంటాయి. రక్తాన్ని వడగట్టే గ్లోమెరులస్‌లు అలా కాదు, ఒకసారి మచ్చగా మారితే అంతే. "చివరి రోజు అంకె ఒక్కటే చూసి కిడ్నీని తోసేయకూడదు. అది మొన్నటి దెబ్బా, ఏళ్ల నాటి అరుగుదలా అన్నది తేల్చాలి" అన్నారు.

అరుగుదల ఉందో లేదో తెలియాలంటే బయాప్సీ చెయ్యాలి. కిడ్నీ నుంచి చిన్న ముక్క తీసి, గడ్డకట్టించి, పలచగా కోసి మైక్రోస్కోపు కింద చూస్తారు. మూసుకుపోయిన గ్లోమెరులస్‌లు, ఎండిపోయిన గొట్టాలు, వాటి మధ్య మచ్చలు, రక్తనాళాల ఇరుకుదనం, ఈ నాలుగింటికీ 0 నుంచి 3 దాకా మార్కులు వేస్తారు. ఇటలీ డాక్టర్లు తయారుచేసిన ఈ పద్ధతిలో మొత్తం 3 దాకా వస్తే ఒక్క కిడ్నీ చాలు. 4 నుంచి 6 వస్తే రెండు కిడ్నీలూ ఒకే మనిషికి పెడతారు. 7 గానీ అంతకంటే ఎక్కువ గానీ వస్తే వాడరు. నాకు వచ్చిన కిడ్నీకి 3 వచ్చింది. సరిగ్గా అంచు మీద ఉంది. వినగానే టెన్షన్‌తో నా చేతులు చల్లబడ్డాయి.

ఆ మార్కునీ గుడ్డిగా నమ్మకూడదని చెప్పినది కూడా ఆయనే. ముక్కను పైపొర కిందనుంచే కోస్తే మచ్చలు ఎక్కువ కనిపిస్తాయి, ఎందుకంటే వయసు మచ్చలు ముందు అక్కడే వస్తాయి. ముక్కలో కనీసం 25 గ్లోమెరులస్‌లు లేకపోతే లెక్క నమ్మదగింది కాదు. అర్ధరాత్రి తొందరలో చూసే పాథాలజిస్ట్‌కి కిడ్నీలోనే అనుభవం ఉన్న పాథాలజిస్ట్‌కి మధ్య తేడా వస్తుంది. ముందు చూసిన ఆస్పత్రి వాళ్ల దగ్గర పైపొర ముక్క రిపోర్టు మాత్రమే ఉంది. మా వాళ్లు సూదితో లోపలినుంచి మళ్లీ తీయించారు. వాళ్లది తప్పని నేను అనను. చేతిలో ఉన్న కాగితాన్ని బట్టే వాళ్లూ నిర్ణయం తీసుకున్నారు.

కోలుకున్నాక దీని గురించి దొరికినదల్లా చదివాను. అమెరికాలో దాతల కిడ్నీలు పారేయడానికి ఎక్కువగా రాసే కారణం ఈ బయాప్సీ ఫలితమేనట. 2019లో వచ్చిన ఒక అధ్యయనం ప్రకారం 2004 నుంచి 2014 మధ్య అమెరికాలో సేకరించిన కిడ్నీల్లో 17.9 శాతం వాడకుండా పోయాయి. ఫ్రాన్స్‌లో 9.1 శాతమే, అది కూడా అక్కడి దాతల వయసు ఇంకా ఎక్కువగా ఉండి. ఆ అంకెలు చదివిన రోజు నాకు కోపం వచ్చింది. ప్రతి శాతం వెనకా డయాలసిస్ కుర్చీలో కూర్చున్న మనుషులున్నారు.

అమెరికాలోనే కేడీపీఐ అనే స్కోరు ఉంది. దాత వయసు, బీపీ, షుగర్, మరణ కారణం, క్రియాటినిన్ లాంటివి కలిపి కడతారు. 85 వస్తే, అంతకుముందు ఏడాది వచ్చిన కిడ్నీల్లో 85 శాతం దీనికంటే ఎక్కువ కాలం పనిచేస్తాయని అంచనా. అయితే ఒక్కొక్క కిడ్నీ భవిష్యత్తు చెప్పడంలో దాని సత్తా 0.6 దరిదాపుల్లోనే ఉంటుంది. 1 అంటే ప్రతిసారీ సరిగ్గా చెప్పినట్టు, 0.5 అంటే నాణెం ఎగరేసి చెప్పడంతో సమానం.

ఆ రాత్రి నా కిడ్నీ పంపు మీద ఉంది. 4 డిగ్రీల చల్లటి ద్రవాన్ని దానిలో తిప్పుతూ, రక్తనాళాలు ఎంత అడ్డుపడుతున్నాయో కొలుస్తారు. గంటలు గడిచేకొద్దీ ఆ నిరోధం తగ్గుతూ వచ్చింది. అది మంచి సూచనే కానీ దాన్నిబట్టే అవునో కాదో చెప్పలేమన్నారు. పంపు వల్ల ఉపయోగం ఉందన్నది మాత్రం 2009లో యూరప్‌లో తేలిన విషయం. 336 మంది దాతల్లో ప్రతి ఒక్కరి ఒక కిడ్నీని పంపు మీద, రెండోదాన్ని మంచులో ఉంచి చూశారు. ఆలస్యంగా పని మొదలుపెట్టిన కిడ్నీలు మంచులో 26.5 శాతం, పంపు మీద 20.8 శాతం.

"ఇంకా మంచిది వచ్చేదాకా ఆగితే?" అన్నారు మా ఆయన.

"ఆగవచ్చండీ. ఈ కిడ్నీని మంచి కుర్ర కిడ్నీతో పోల్చకండి, అది ఇప్పుడు మీ ముందు లేదు. ఇంకొన్నేళ్ల డయాలసిస్‌తో పోల్చండి. మేడమ్‌కి యాభై దాటాయి, గుండె గోడ మందమవుతోంది" అన్నారు డాక్టరు గారు.

సంతకం పెట్టాను.

ఆపరేషన్ తర్వాత యూరిన్ రాలేదు. బ్యాగు ఖాళీగా వేలాడుతూనే ఉంది. డాప్లర్ స్కాన్‌లో రక్త ప్రసరణ బాగుందన్నారు. అయినా నన్ను మళ్లీ డయాలసిస్‌కి తీసుకెళ్లారు. మొదటి వారంలో ఇలా డయాలసిస్ అవసరమైతే కిడ్నీ ఆలస్యంగా మేలుకుంటోందని అంటారు. ఇలా జరగవచ్చని ముందే చెప్పారు, నేను తలాడించాను కూడా. కానీ డయాలసిస్ కోసం చేతిలో రక్తనాళాలు కలిపి చేసిన అదే ఫిస్టులాలో మళ్లీ అవే సూదులు గుచ్చుతుంటే ఏ అంకే నన్ను ఓదార్చలేదు. గోడవైపు తిరిగి ఏడ్చాను. కొత్త కిడ్నీకే బయాప్సీ చేశారు. రిజెక్షన్, అంటే ఒళ్లు కొత్త కిడ్నీని ఎదిరించడం, లేదు, గొట్టాల దెబ్బే అని తేలింది. మొదటి రోజు చెప్పిందే.

తర్వాత ఒక తెల్లవారుజామున నర్సమ్మ బ్యాగు ఎత్తి చూపించింది. అడుగున కొద్దిగా పసుపు రంగు. మర్నాటికి ఇంకొంచెం. క్రియాటినిన్ 7 నుంచి 5కి, 3కి దిగి, 1.7 దగ్గర ఆగింది. యూరిన్ గొట్టంలో పెట్టిన స్టెంట్ తీసేశారు. రిజెక్షన్ రాకుండా వేసుకునే టాక్రోలిమస్ మందు స్థాయి రక్తంలో కుదరడానికి కొన్ని నెలలు పట్టింది, చేతులు వణికేవి. ఒక యూరిన్ ఇన్ఫెక్షన్‌తో మళ్లీ చేరాను. అవన్నీ దాటాయి. 0.9 నాకు ఎప్పటికీ రాదు. 1.7తో నేను మెట్లెక్కుతున్నాను, దాహమైనప్పుడు నీళ్లు కొలవకుండా తాగుతున్నాను.

డయాలసిస్‌లో నా పక్క కుర్చీలో కూర్చునే అబ్బాయి ఈమధ్య ఫోన్ చేశాడు. "అక్కా, నాకూ అరవై దాటిన దాత కిడ్నీ వచ్చిందట, ఒప్పుకోమంటారా?" అన్నాడు. వాడికి ఇరవై మూడేళ్లు. దాత ఆస్పత్రిలో చేరిన రోజు క్రియాటినిన్ ఎంతో అడగమన్నాను. బయాప్సీ పైనుంచి తీశారా లోపలినుంచా, ఎన్ని గ్లోమెరులస్‌లు కనిపించాయి, కిడ్నీ బయటికి తీసి ఎన్ని గంటలైందో కూడా అడగమన్నాను. వాడి డాక్టరు వద్దన్నారట. ఇంత చిన్న వయసువాడికి ఇంకా ఎక్కువ కాలం నిలిచే కిడ్నీ కావాలి, వాళ్లమ్మ పరీక్షలు కూడా జరుగుతున్నాయి, ఆగడం మేలని చెప్పారట. విన్నాక నేనూ అదే అన్నాను.