గురువారం ఆటకి మంగళవారం పని

జనవరి, మంగళవారం.

గురువారం ఆటకి స్కౌట్, అంటే ప్రత్యర్థి టీమ్‌ని ముందే చదివిపెట్టే పని, నా వంతు. అమెరికాలో డివిజన్ వన్ (అన్నిటికన్నా పై మెట్టు) కాలేజీ బాస్కెట్‌బాల్‌లో అసిస్టెంట్ కోచ్‌లు ప్రత్యర్థుల్ని ముందే పంచేసుకుంటారు. ముగ్గురుంటే మూడు ఆటలకోసారి వంతు. ఆ టీమ్ గురించి హెడ్ కోచ్ ఏ వేళప్పుడు ఏం అడిగినా జవాబు రెడీగా ఉండాలి. మన కాలేజీల్లో పీడీ సారు ఒక్కరే క్రికెట్ నుంచి కబడ్డీ దాకా నెట్టుకొస్తారు. ఇక్కడ ఒక్క ప్రత్యర్థికే ఒక మనిషి.

పొద్దున్నంతా వీడియో. చివరి ఐదు ఆటలు చాలు. నవంబర్ ఆటలు తిరగేస్తే తప్పుదారి పడతాం, అప్పుడు గాయంతో కూర్చున్నవాడు ఇప్పుడు మొదటి ఐదుగురిలో ఉంటాడు. సినర్జీ అనే వీడియో సాఫ్ట్‌వేర్‌లో పిక్ అండ్ రోల్ (సాటివాడు అడ్డు నిలబడి, వెంటనే బుట్టవైపు కదలడం), పోస్ట్ అప్ (బుట్టకి వీపు పెట్టి ఆడటం), ట్రాన్సిషన్ (బంతి దొరగ్గానే పరుగు) అని విడగొట్టిన క్లిప్పులు దొరుకుతాయి. కానీ ఆ ప్లే ఏ స్కోరు దగ్గర వేశారో, అప్పుడు బెంచి మీద ఎవరున్నారో క్లిప్పు చెప్పదు. కనీసం రెండు ఆటలు సౌండ్ పెట్టుకుని మొదట్నుంచీ చివరిదాకా చూడాలి. బెంచి నుంచి వినబడే కేక, పాయింట్ గార్డ్ చేతి సైగ, తర్వాత వచ్చిన ప్లే: మూడూ ఒకే వరసలో రాసుకోవాలి. ఈ టీమ్ పిడికిలి ఎత్తిందంటే సెంటర్ పైకొచ్చి బంతి ఉన్నవాడికి స్క్రీన్ పెడతాడు, అంటే వాణ్ణి కాచేవాడికి అడ్డు నిలబడతాడు. తలమీద చెయ్యి పెట్టుకుంటే అదే ప్లే, కాకపోతే స్క్రీన్ పెట్టినట్టే పెట్టి జారిపోతాడు. ఈ రెండో సైగ పట్టుకోవడానికే గంట పట్టింది.

తర్వాత లెక్కలు. ఆటకి 80 పాయింట్లు కొడుతున్నారని భయపడనక్కర్లేదు, ఎన్ని పొసెషన్లలో (బంతి చేతికొచ్చి అవతలివాళ్ళకి పోయేదాకా ఒకటి) కొట్టారన్నది చూడాలి. వేసిన షాట్లలోంచి అఫెన్సివ్ రీబౌండ్లు (తప్పిన తమ షాట్‌ని తామే అందుకున్నవి) తీసేసి, టర్నోవర్లు (షాట్ వెయ్యకుండానే బంతి పోగొట్టుకున్నవి) కలిపి, ఫ్రీ త్రోలని 0.475తో గుణించి కలపాలి. 58 షాట్లు, 9 రీబౌండ్లు, 12 టర్నోవర్లు, 20 ఫ్రీ త్రోలు అయితే 70.5. అందులో 72 పాయింట్లంటే పొసెషన్‌కి 1.02. సగం అనకుండా 0.475 ఎందుకంటే, బుట్ట పడ్డాక వచ్చే ఒంటి ఫ్రీ త్రో లాంటివి కొత్త పొసెషన్‌ని ఖర్చుపెట్టవు. 80 పొసెషన్లలో 80 కొట్టే టీమ్ కన్నా 62లో 68 కొట్టేదే ప్రమాదం.

ఇంతా చేసి కుర్రాళ్ళకి చూపించేది పన్నెండు నిమిషాలు. వారానికి 20 గంటలు, రోజుకి 4 గంటలు మించకూడదని ఎన్‌సీఏఏ (అమెరికా కాలేజీ ఆటల సంఘం) నియమం. వీడియో మీటింగూ అందులోకే వస్తుంది. ఆట రోజు ఎంతసేపు పట్టినా 3 గంటల కిందే రాస్తారు. కొత్తగా వచ్చిన అసిస్టెంట్లందరూ చేసే తప్పొకటే: తమకి తెలిసిందంతా చెప్పెయ్యడం. ఒక్కో ఆటగాడి మీద ఎనిమిది పాయింట్లు రాసిస్తే కోర్టులో ఒక్కటీ గుర్తుండదు. షీటు మీద మనిషికో ముక్క చాలు: "ఎడమచేతి వాటం, కుడివైపు నెట్టు." "షూటర్, లైన్ దగ్గర నిలబడనివ్వకు." "షూటర్ కాదు, దూరంగా ఆగు." ఈ ముద్ర తప్పు వేస్తే నెత్తిమీదికొస్తుంది. ఒకడిది త్రీ పాయింట్లలో 42 శాతం అని కనబడింది, తీరా చూస్తే వేసినవి 19, పడ్డవి 8. వాడి మీదికి పరిగెత్తించామా, పక్కనుంచి దూసుకుపోతాడు.

మధ్యాహ్నం ప్రాక్టీసులో స్కౌట్ టీమ్‌తో (ప్రత్యర్థిలా ఆడి చూపించే మన కుర్రాళ్ళు) ఐదు సెట్ ప్లేలు, బేస్‌లైన్ ఇన్‌బౌండ్లు (బుట్ట వెనక గీత నుంచి బంతి లోపలికి వేసే ప్లేలు) రెండు. ముందు నడక, తర్వాత సగం వేగం, తర్వాత అసలు ఆట. సైడ్ పిక్ అండ్ రోల్‌ని ఆపడానికి ఐస్ అనే పద్ధతి: గార్డ్ మధ్యలోకి దారి మూసేసి సైడ్‌లైన్ వైపు తోలాలి, సెంటర్ కింద కాచుకోవాలి. ఇది చెడేది కాళ్ళ వల్ల కాదు, నోటి వల్ల. స్క్రీన్ రాకముందే వెనకనుంచి సెంటర్ "ఐస్" అని అరవాలి. అర సెకను ఆలస్యమైతే గార్డ్ నడుము అప్పటికే అటు తిరిగి ఉంటుంది, బంతి మధ్యలోంచి పోతుంది. ఇవాళ నాలుగుసార్లు అరుపు ఆలస్యం, నాలుగుసార్లూ లేఅప్పే.

ఆట రోజు బెంచి మీద ఒకరు ఫౌళ్ళు, టైమవుట్లు లెక్కపెడుతూ ఉండాలి. సగంలో ఏడో ఫౌల్‌తో అవతలివాళ్ళకి వన్ అండ్ వన్ (మొదటి ఫ్రీ త్రో పడితేనే రెండోది) మొదలవుతుంది. గుమాస్తా పనే. కానీ 1993 కాలేజీ ఫైనల్లో 11 సెకన్లుండగా, రెండు పాయింట్లు వెనకబడి ఉన్న మిషిగన్ తరఫున క్రిస్ వెబర్ లేని టైమవుట్ అడిగాడు. టెక్నికల్ ఫౌల్ పడింది, కప్పు నార్త్ కరొలైనాకి పోయింది.

సాయంత్రం రిక్రూటింగ్ ఫోన్లు. కాలేజీ మారాలనుకునే ఆటగాళ్ళు పేరు రాసుకునే పోర్టల్ 2018లో వచ్చింది. 2021లో, ఒకసారి కాలేజీ మారితే ఏడాది ఆగక్కర్లేదన్నారు. అప్పట్నుంచీ బయటివాళ్ళని పిలవడం ఒకెత్తు, ఉన్నవాళ్ళని నిలుపుకోవడం ఒకెత్తు.

భోజనాల దగ్గర వీడియో రూములో చేరిన కుర్రాడు ఈ ఉద్యోగంలో ఎదగడానికి ఎన్నేళ్ళని అడిగాడు. దానికి లెక్క లేదు. నార్త్ కరొలైనాలో బిల్ గుత్‌రిజ్ 30 ఏళ్ళు హెడ్ కోచ్ డీన్ స్మిత్ పక్కనే కూర్చుని 1997లో హెడ్ కోచ్ అయ్యాడు, మూడేళ్ళలో రెండు ఫైనల్ ఫోర్లు (జాతీయ టోర్నీ సెమీస్) చూసి రిటైరయ్యాడు. బ్రాడ్ స్టీవెన్స్ 2000లో మందుల కంపెనీ ఉద్యోగం మానేసి బట్లర్‌లో చేరితే ఏడేళ్ళకే హెడ్ కోచ్. జీతం మాటకొస్తే, 1992లో ఒక రకం అసిస్టెంట్లకి ఏడాదికి 16,000 డాలర్లకి మించి ఇవ్వకూడదని ఎన్‌సీఏఏ గీత గీసింది. వాళ్ళు కోర్టుకెక్కి నెగ్గారు. 2023 జూలై నుంచి అసిస్టెంట్ల సంఖ్య మూడు నుంచి ఐదుకి పెరిగింది, కొత్త రెండు కుర్చీలు ఇలాంటి కుర్రాళ్ళకే అక్కరకొస్తాయి. ఇక హెడ్ కోచ్‌ని తీసేస్తే కింద ఉన్నవాళ్ళంతా సామాను సర్దుకోవాల్సిందే. పేపర్లో మాత్రం ఆయన ఒక్కడి పేరే పడుతుంది.

రాత్రి పదకొండు. క్లిప్పులు ఇంకా పద్నాలుగు నిమిషాలున్నాయి. రెండో సైగ క్లిప్పులు మూడున్నాయి, ఒకటి ఉంచి రెండు తీసేశాను. ఇంకో నిమిషంన్నర తగ్గాలి. ఆ 42 శాతంవాడివి ఐదున్నాయి, అందులో చూస్తాను.